బల్ల ఆదివారం

నెలలో మొదటి ఆదివారం వచ్చిందంటే పొద్దున లేవగానే నా నోరు చేదుగా ఉంటుంది. అలా ఉన్నావేంటని ఎవరైనా అడిగితే పైత్యం అని చెప్పి తప్పించుకుంటాను. అసలు సంగతి చెప్పాలంటే మేం పెరిగిన హోం గురించి చెప్పాలి, మా నాయిన గురించి చెప్పాలి, చెల్లి గురించి చెప్పాలి. అంత వినే ఓపిక ఎవరికుంది? చదివేవాళ్ళకైనా ఉంటుందేమోనని రాస్తున్నాను.

హోం నాచారంలో, ఫ్యాక్టరీల వెనక ఉండేది. ఇళ్ళలో దెబ్బలు తిన్న పిల్లల్ని, తిండి పెట్టక గాలికి వదిలేసిన పిల్లల్ని తెచ్చి పెంచే క్రైస్తవుల హోం అది. పెద్ద ప్రహరీ గోడ, లోపల చిన్న చిన్న ఇళ్ళు, ఒక్కో ఇంటికి ఒక ఆంటీ, ఆమె చేతి కింద కొందరు పిల్లలు. గాలి ఇటు మళ్ళిన రోజు మందుల కంపెనీ వాసన వచ్చి అన్నంలో కలిసేది. హోం నడిపే దంపతుల్ని పిల్లలందరూ డాడీ, మమ్మీ అని పిలవాలి. చేరిన రోజే చెప్పే మొదటి నియమం అది. నాకు అప్పటికే ఒక నాయిన ఉన్నాడు, ఆయన నిర్వాకం వల్లే ఇక్కడికి వచ్చాను, ఇంకో తండ్రి దేనికని నాకు అనిపించేది. చెల్లికి అలాంటి పేచీలు లేవు. మర్నాటికే డాడీ డాడీ అంటూ ఆయన వెంట తిరిగింది.

ఉన్నమాట చెప్పాలి. హోంలో ఎవరూ మమ్మల్ని కొట్టలేదు. మూడు పూటలా అన్నం పెట్టారు, బడికి పంపారు, పేలు చూశారు. అన్నం పెట్టినవాళ్ళనే ఆడిపోసుకుంటోందని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. అన్నం గురించి నాకే ఫిర్యాదూ లేదు. నా కోపమంతా బల్ల ఆదివారం మీద.

మేం పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళం. నాయిన నాచారంలో ప్లాస్టిక్ బకెట్లు పోసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చిలకానగర్‌లో ఒక్క గది. అమ్మ కామెర్లతో పోయాక ఆయన డ్యూటీకి వెళ్తూ మమ్మల్ని లోపల పెట్టి బయట తాళం వేసేవాడు. ఆడపిల్లలు, బయట తిరిగితే పాడైపోతారని పక్కింటివాళ్ళకు చెప్పేవాడు. డ్యూటీ అయ్యాక నేరుగా కల్లు కాంపౌండుకి పోయేవాడు. ఆయన వచ్చేదాకా మాకు తిండీ లేదు, బయటికి పోవడానికీ లేదు. మూలన ఒక డబ్బా ఉండేది. వచ్చాక గది కంపు కొడుతోందని బెల్టు తీసేవాడు. ఒకరోజు చెల్లి ఆకలి ఆకలని ఏడుపు ఆపకపోతే స్టవ్ మీదున్న అట్లకాడ తీసి దాని కుడి చేతి మీద పెట్టాడు. దానికి అప్పుడు అయిదేళ్ళు. ఆ కేక విని పక్కింటి అత్త పిల్లల హెల్ప్‌లైనుకి ఫోన్ చేసింది. అలా మేం హోంకి వచ్చాం.

హోంకి విజిటర్లు వచ్చినప్పుడు మాతో సాక్ష్యం చెప్పించేవాళ్ళు. ముందు ఎంత చీకట్లో ఉన్నాం, దేవుడు ఎలా కాపాడాడు, ఇప్పుడెంత సంతోషంగా ఉన్నాం, ఈ వరసలో. మమ్మీ నాకు మాటలు దిద్దింది. "కొట్టిండు" అనకూడదు, "నన్ను హింసించియున్నాడు" అనాలి. బెల్టు దగ్గరికి వచ్చేసరికి కాస్త నెమ్మదించాలి. అప్పుడు మమ్మీ చెల్లి గౌను చెయ్యి మడిచి వాత చూపించేది. వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. చెల్లి వాళ్ళని చూసి నవ్వేది, చాక్లెట్ ఇస్తారని దానికి తెలుసు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. మా చెయ్యి, మా వాత, ఊళ్ళోవాళ్ళందరికీ చూపించడమేంటి?

ఇక బల్ల ఆదివారం. నెల మొదటి ఆదివారం ఆరాధనలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు, దాన్నే ప్రభువు బల్ల అంటారు. చర్చికి వెళ్ళే ప్రతివాళ్ళకీ తెలిసిన విషయమే. మా హోంలో దానికి ముందు ఒక పద్ధతి ఉండేది. రొట్టె మీద గుడ్డ తీసేముందు డాడీ లేచి, ఎవరికైనా ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే ఇప్పుడే వెళ్ళి సమాధానపడండి, లేకపోతే బల్ల ముట్టుకోకండి అనేవాడు. అప్పుడు హాల్లో జనం లేచి అటూ ఇటూ తిరిగేవాళ్ళు. కోపం ఉన్నవాళ్ళు ఎదురుగా నిలబడి, కుడిచెయ్యి చాచి "వందనాలు" అనాలి. అవతలివాళ్ళు చెయ్యి పట్టుకుని "వందనాలు" అనాలి. అంతే, అయిపోయింది. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తకూడదు. ఎత్తితే ఎత్తినవాళ్ళదే తప్పు.

కొత్తిమీర కట్ట దగ్గర తగువులాడుకున్న ఆంటీలు వందనాలు చెప్పుకునేవాళ్ళు. రిబ్బన్లు లాక్కున్న పిల్లలు చెప్పుకునేవాళ్ళు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. నా జామెట్రీ బాక్సు కొట్టేసిన పిల్ల కూడా అలాగే వచ్చి ఏడుస్తూ నాకు వందనాలు చెప్పింది. నేనూ చెప్పాను. బాక్సు మాత్రం దాని దగ్గరే ఉండిపోయింది. అడిగితే మా ఆంటీ నవ్వాపుకోలేక, "వందనాలు అయిపోయినయ్ గద బిడ్డా, ఇంగెట్ల అడుగుతవ్?" అంది. మానుకోట వైపు నుంచి వచ్చిన విధవరాలు ఆమె. హోం మొత్తంలో నేను ఇష్టంగా ఆంటీ అని పిలిచిన మనిషి ఆమె ఒక్కతే. ఆ మాటకి నేనూ నవ్వాను. పోయింది బాక్సే కాబట్టి నవ్వగలిగాను.

నేను పదో తరగతిలోకి వచ్చిన ఏడు నాయిన హోం గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. తెల్ల చొక్కా, నూనె పెట్టి దువ్విన తల, చేతిలో జామపళ్ళ సంచి. వాచ్‌మన్ వెనక నుంచి చూస్తే మొదట ఎవరో అనుకున్నాను. డాడీ ఆయన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆ ఆదివారం నాయిన చర్చిలో వెనక వరసలో, చెప్పులు విడిచే చోటు పక్కన కూర్చున్నాడు. తర్వాత మధ్య వరసలోకి వచ్చాడు. వానలు వెనకబట్టేసరికి ముందు వరసలో ఉన్నాడు. తాగుడు మానేశాడన్నారు. నిజంగానే మానేశాడు, ఆ మాట కాదనను. హాలు వెనకున్న తొట్టిలో డాడీ ఆయనకి బాప్తిస్మం ఇచ్చాడు. నీళ్ళలోంచి లేచిన నాయినని చూసి హాలంతా చప్పట్లు కొట్టింది. చెల్లి కూడా కొట్టింది.

తడి బట్టలు మార్చుకొచ్చి నాయిన సాక్ష్యం చెప్పాడు. ఆయన అంత బాగా మాట్లాడగలడని నాకు తెలియదు. తాగుడు గురించి చాలాసేపు చెప్పాడు. ఎక్కడెక్కడ పడిపోయిందీ, ఎవరెవరు ఛీ కొట్టిందీ చెప్పాడు. "నా బిడ్డలను కొట్టిన పాపిని" అని మోకాళ్ళ మీద పడ్డాడు. ఆంటీలు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నేను మాత్రం ఒక్క మాట కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాను. తాళం మాట చెప్తాడా అని. చెప్పలేదు. మూలన పెట్టిన డబ్బా సంగతి చెప్పలేదు. తాగుడు మీద అన్నీ తోసేశాడు. కానీ పొద్దున డ్యూటీకి పోతూ తాళం వేసేటప్పుడు ఆయన తాగి ఉండేవాడు కాదు. చక్కగా స్నానం చేసి, టిఫిన్ డబ్బా పట్టుకుని, గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో రెండోసారి లాగి మరీ చూసుకుని వెళ్ళేవాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. చర్చిలోనే చంటిపిల్లాడితో ఉన్న ఒక వితంతువుని చూసి డాడీ వాళ్ళిద్దరికీ పెళ్ళి చేశాడు. మళ్ళీ చిలకానగర్‌లోనే గది తీసుకున్నారు. ఇద్దరూ డ్యూటీలకు పోయేవాళ్ళే. ఇక ఇల్లంటూ ఏర్పడింది కాబట్టి చెల్లిని పంపించేద్దామన్న మాట మొదలైంది. నన్ను మాత్రం పరీక్షలయ్యేదాకా హోంలోనే ఉంచుతారట. పదో తరగతి ఫలితాలు హోంకి కావాలి కదా. చంటివాణ్ణి ఎత్తుకుని తిరగడానికి చెల్లి వాళ్ళకి కావాలి. ఇందులో దేవుడెక్కడున్నాడో నాకు ఎంత వెతికినా కనపడలేదు.

అప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. చెల్లి ఆ గదికి మళ్ళీ పోకూడదు. నాకు కావలసింది ఆ ఒక్కటే. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి కూడా దించకుండా డాడీ ఆఫీసు గదికి వెళ్ళాను.

"డాడీ, నాయిన మమ్మల్ని లోపలేసి తాళమేసేటోడు. దాని గురించి అడుగున్రి. మల్ల ఎయ్యనని మీ ముందు చెప్పమనున్రి."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడడు, అదే నాకు కోపం.

"తల్లీ, ప్రభువు తుడిచేసినవాటిని మనం తవ్వకూడదు. మీ నాన్నగారు మారిన మనిషి. నువ్వే ఇంకా పాత ఇంట్లో ఉండిపోయావు."

"అయితే నన్ను పంపున్రి. అదొద్దు, నేను పోత."

"నీకు పరీక్షలున్నాయి కదమ్మా. ప్రార్థన చేసుకో. వచ్చే బల్ల ఆదివారం నాన్నగారికి వందనాలు చెప్పు. ముందు బల్ల దగ్గర కలవండి, ఇంట్లో కలవడం దానంతటదే జరుగుతుంది."

ఆ ఆదివారం తర్వాతి వారమే, ఏ పిల్లలు ఎక్కడ ఉండాలో తేల్చే ప్రభుత్వ కమిటీ ముందుకి మా సంగతి వెళ్ళాలి. కమిటీవాళ్ళు హోం మాటే వింటారని అందరికీ తెలుసు. కుటుంబం సమాధానపడిందని డాడీ చెప్తే చెల్లి వెళ్ళిపోతుంది. కాబట్టి నేను వందనాలు చెప్పకూడదు. నా దగ్గర ఉన్నది అదొక్కటే. నేను చెయ్యి చాచకపోతే సమాధానం కాలేదని అర్థం, అప్పుడు పంపడానికి వీలుండదు. పదో తరగతి బుర్రతో అంత లెక్క వేసుకున్నాను. ఆంటీకి చెప్తే, "గట్టిగుండు బిడ్డా" అంది. నా జడ బిగించి వేసి పంపింది.

ఆ ఆదివారం హాలు నిండింది. నాయిన ముందు వరసలో, పక్కన కొత్త భార్య, ఆమె ఒళ్ళో చంటివాడు. డాడీ ఎప్పటిలా సమాధానపడమని చెప్పి, నా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. నాయిన లేచి నా ముందుకి వచ్చి కుడిచెయ్యి చాచాడు.

"తప్పైంది బిడ్డా. వందనాలు."

నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆయన చెయ్యి అలాగే ఉంది. ఆ చేతి గోళ్ళు కూడా శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. మమ్మీ నా వెనక్కి వచ్చి భుజం మీద చెయ్యేసి, "చెప్పమ్మా, చెప్పు" అని నొక్కింది. నేను చెప్పలేదు. డాడీ మైకులో నా పేరు పెట్టి, కఠినమైన మనసు కరగాలని ప్రార్థన మొదలుపెట్టాడు. హాలంతా నా కోసం గట్టిగా ప్రార్థించింది. నేరం చేసినవాడు నా ముందు చెయ్యి చాచి మంచివాడిలా నిలబడి ఉన్నాడు. వాళ్ళు ప్రార్థించేది మాత్రం నా గురించి. సిగ్గుతో, కోపంతో నా చెవులు కాలిపోయాయి. అయినా చేతులు విప్పలేదు.

చెల్లి నా పక్కనే కూర్చుంది. అది నా మోచెయ్యి లాగింది.

"అక్కా, నువ్వు చెప్పకుంటె నీకు రొట్టె ఇయ్యరా?"

"ఊకో."

"రొట్టె ఇయ్యకుంటె నువ్వు పరలోకం రావా? నేనొక్కదాన్నే పోవాల్నా?"

"ఊకో అన్న గద!"

ఎనిమిదేళ్ళ పిల్ల, చెప్పినదంతా నమ్మే పిల్ల. బెంచీ దిగి నాయిన ముందుకి నడిచింది. డాడీ వైపు తిరిగి, "డాడీ, అక్క బదులు నేను చెప్తె నడుస్తదా?" అని అడిగింది.

నేను లేచేలోపలే కుడిచెయ్యి చాచేసింది. వాత ఉన్న చెయ్యి. "వందనాలు నాయినా" అంది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని బావురుమన్నాడు. హాలు దద్దరిల్లింది. డాడీ దిగి వచ్చి దాన్ని ఎత్తుకుని, పెద్దవాళ్ళకి చేతకానిది ఈ చిన్నబిడ్డ చేసి చూపించిందని మైకులో చెప్పాడు. ఆయన భుజం మీద నుంచి అది నా వైపు చూసింది. నేను సంతోషిస్తానని చూసింది. నాకు రొట్టె ఇప్పించానని దాని సంబరం.

రొట్టె పళ్ళెం నా దగ్గరికి వచ్చింది. నేను ముట్టుకోలేదు. ఆ వారంలోనే చెల్లిని పంపించేశారు.

మొదట్లో ప్రతి ఆదివారం వాళ్ళు చర్చికి వచ్చేవాళ్ళు. చెల్లి చంకలో చంటివాడు, భుజాన వాడి సంచి. నేను దాని చేతులు, మెడ, కాళ్ళు చూసేదాన్ని. దెబ్బలేమీ కనపడేవి కావు. బడికి పోతున్నావా అని అడిగితే తల అటూ ఇటూ కాకుండా ఊపేది. "నిన్నేమన్న అంటుండా?" అంటే, "ఏం లేదక్కా" అనేది. బాగా మాట్లాడే పిల్ల, మాటలు తగ్గిపోయాయి. డాడీ దాని తల నిమిరి, ఇంటికి వెళ్ళాక ఎంత పెద్దరికం వచ్చిందో చూడండి అనేవాడు. నా పరీక్షలు దగ్గరపడేసరికి వాళ్ళు రావడం తగ్గింది. చివరికి నాయిన, ఆయన భార్య ఇద్దరే వచ్చారు. చెల్లి ఏదని అడిగితే చంటివాడికి జ్వరం, ఇంట్లో ఉందన్నారు. ఆ మరుసటి వారమూ జ్వరమే.

ఆఖరి పరీక్ష రాసి నేను హోంకి వెళ్ళలేదు. యూనిఫారంతోనే, అట్ట పట్టుకుని చిలకానగర్‌కి నడిచాను. సందులన్నీ గుర్తున్నాయి. నాయిన పేరు చెప్పి అడిగితే కొత్త గది చూపించారు. తలుపు మీద తాళం వేసి ఉంది. ఇల్లు మారింది, తలుపు రంగు మారింది, తాళం వేలాడే తీరు మాత్రం అదే. కిటికీ రెక్క తోశాను. లోపల చెల్లి చంటివాణ్ణి ఒళ్ళో వేసుకుని నేల మీద కూర్చుని ఉంది. మూలన డబ్బా ఉంది. వాసన కిటికీ దాకా వచ్చింది.

"ఎప్పటిసంది గిట్ల?" అని అరిచాను.

"మెల్లగ అను అక్కా, పిలగాడు లేస్తడు."

"చర్చికొచ్చినప్పుడు నాకెందుకు చెప్పలే? డాడీకి ఎందుకు చెప్పలే?"

అది నన్ను వింతగా చూసింది. అంత తెలియనిదాన్నా అన్నట్టు చూసింది.

"వందనాలు అయిపోయినయ్ గద అక్కా. మల్ల ఎత్తొద్దు. ఎత్తితె తప్పు నాది."

నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు. వాళ్ళు నేర్పిన పాఠాన్ని హోం మొత్తం మీద తు.చ. తప్పకుండా పాటించిన పిల్ల అది. ఆంటీలు పాటించలేదు, వందనాలు అయ్యాక కూడా వంటింట్లో సణుక్కునేవాళ్ళు. నేను పాటించలేదు. దానికొక్కదానికే అబద్ధంగా పాటించడం రాదు.

పరుగున పోయి మా ఆంటీకి చెప్పాను. ఆమె డాడీని అడగలేదు, మమ్మీని అడగలేదు. కొంగు నడుముకి దోపి తన ఫోనులోంచి హెల్ప్‌లైనుకి తనే చెప్పింది. చెల్లిని అక్కడి నుంచి తీశారు. ఈసారి వేరే హోంలో, ఊరికి అవతల ఘట్‌కేసర్ దాటాక పెట్టారు. నాయిన మీద కేసు అయ్యింది, కొన్నాళ్ళు తిరిగాడు, తర్వాత ఏ ఊరు పోయాడో మాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. ఆంటీని మాత్రం పనిలోంచి తీసేశారు. పెద్దలకు చెప్పకుండా తొందరపడిందట, హోం పేరు బయట పడిందట. వెళ్ళేముందు ఆమెకి వందనాలు చెప్పడానికి డాడీ గేటు దాకా వచ్చాడు. ఆమె చెప్పిందో లేదో నేను చూడలేదు. చెప్పి ఉండదనే నా నమ్మకం.

నేను ఇంటర్ అయ్యాక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి ఉప్పల్‌లో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో చేరాను. చెల్లికి పద్దెనిమిది నిండిన రోజు దాన్ని తెచ్చుకున్నాను. ఇప్పుడు మా ఇద్దరికీ ఉప్పల్‌లో ఒక గది ఉంది. తలుపుకి లోపల గడియ ఉంది, బయట గొళ్ళెం నేనే పీకించేశాను. ఇల్లుగలామె వింతగా చూసింది. తాళం వేసుకోకుండా ఎలా పోతారమ్మా అంది. పోతే బాధపడేంత విలువైనవి లోపల ఏమీ లేవండీ అన్నాను.

చెల్లి చదువు సరిగ్గా సాగలేదు. దాని చేతి రొట్టెలు బాగుంటాయి. సాయంత్రం గది ముందు గ్యాస్ పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేస్తుంది. మెట్రో దిగి వచ్చేవాళ్ళు, ఫ్యాక్టరీల నుంచి వచ్చేవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు వచ్చి నిలబడి వేడిగా కట్టించుకుని పోతారు. దాని మీద నాకు ఒక్కటే బెంగ ఉండేది. ఎవరైనా గొంతు పెంచితే చాలు, అది కుడిచెయ్యి చాచేస్తుంది. రొట్టె గట్టిగుందని ఒక గిరాకీ కసిరితే, "వందనాలు అన్నా" అని చెయ్యి చాచింది. అతను అర్థం కాక నవ్వాడు. నేను విసుక్కున్నా అంతే. "చెయ్యి దించు. తప్పెవరిదో ముందు చూసుకో" అని ఎన్నిసార్లు చెప్పానో. అలా చెప్తూ నేనే అరుస్తాను, అది మళ్ళీ చెయ్యి చాచేస్తుంది. మా ఇద్దరికీ అది నవ్వులాటే అయింది గానీ, ఆ చెయ్యి చూసినప్పుడల్లా నాకు అది నాయిన ముందు చాచిన రోజే గుర్తొస్తుంది.

కిందటి నెల ఒక శనివారం సాయంత్రం సందు చివర కారు ఆగింది. డాడీ దిగాడు. బాగా ముసలివాడయ్యాడు, నడక తడబడుతోంది. మమ్మీ పోయిందని మేం విన్నాం. డ్రైవర్ చెయ్యి పట్టుకుని పొయ్యి దాకా వచ్చాడు. నేను స్టూల్ వేశాను గానీ ఆయన కూర్చోలేదు. గిరాకీ చుట్టూ నిలబడి ఉంది. చెల్లి పీట మీద రొట్టె తడుతోంది.

"మీ ఆంటీ కలిసిందమ్మా. మీ మనసులో నా మీద ఏదో ఉండిపోయిందని చెప్పింది" అన్నాడు. ఆ మెత్తటి గొంతు ఏమీ మారలేదు. "రేపు బల్ల ఆదివారం. అది అలా ఉంచుకుని రొట్టె ఎలా ముట్టుకోను చెప్పండి? రెండు నెలలుగా తీసుకోవట్లేదు తల్లీ."

నటన కాదు. కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. నాకు దానికే అసహ్యం వేసింది. ఆయన రేపటి రొట్టె కోసం వచ్చాడు. మా చెల్లి గడిపిన ఆ నెలల గురించి అడగడానికి రాలేదు. నోటిదాకా వచ్చిన మాట నేను అనేలోపలే ఆయన చెల్లి వైపు వంగి, కుడిచెయ్యి చాచి, "వందనాలు తల్లీ" అన్నాడు.

గిరాకీ అంతా చూస్తోంది. దాని కుడిచెయ్యి పీట మీద నుంచి కాస్త లేవడం నేను చూశాను. మోచేతి కింద వాత ఇప్పుడు బాగా మాసిపోయింది. ఈసారి దాని బదులు నేను చెప్పకూడదని ఎందుకో అనిపించింది. ఆ చెయ్యి పక్కనున్న నీళ్ళ గిన్నెలోకి పోయింది. తడి చేసుకుని మళ్ళీ రొట్టె మీదికే వచ్చింది.

"చేతులకు పిండున్నది అంకుల్" అంది చెల్లి.

చిన్నప్పుడు ఆయన్ని అందరికంటే ముందు డాడీ అన్న పిల్ల. అంకుల్ అన్న మాట తగిలినట్టు ఆయన మొహంలో కనిపించింది.

"కడుక్కో అమ్మా. నేను ఆగుతాను."

"కడిగితె మల్ల అంటుతది." రొట్టెని పీట మీద నుంచి పెనం మీదికి జార్చి, పైన నీళ్ళు రాసింది. తల ఎత్తకుండానే అడిగింది. "తాళం సంగతి అక్క మీకు ముందుగాల్నే చెప్పిందట గద అంకుల్?"

పెనం మీద రొట్టె పొంగింది. చెల్లి దాన్ని తిప్పింది. జవాబు వస్తుందేమోనని కాసేపు చూసింది, నేనూ చూశాను. ఆయన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

"జర పక్కకు జరుగున్రి అంకుల్" అంది చెల్లి. "గిరాకి నిలవడ్డది."

ఆయన పక్కకు జరిగాడు.